వెనక చక్రం వాలకుండా

మలుపులో వేగం ఎక్కువైందనిపిస్తే ఏ డ్రైవరైనా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. 1962లో బ్రిటన్‌లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌లో ఆ పనే కొంప ముంచేది. మికెలొట్టి అనే డిజైనర్ గీసిన ఈ రెండు సీట్ల కారు చూపులకు ముచ్చటైనదే. వెనక సస్పెన్షన్ మాత్రం హెరాల్డ్ అనే మామూలు కారు నుంచి తెచ్చింది.

చిక్కంతా అక్కడే. మన లారీల కింద పొడుగునా కనిపించే కమాను కట్ట ఇందులో డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) మీద అడ్డంగా ఉండి రెండు వెనక చక్రాలనూ మోస్తుంది. ఇరుసుకు కీలు డిఫరెన్షియల్ దగ్గరే ఉంది, చక్రం దగ్గర లేదు. కాబట్టి చక్రం కిందికి దిగితే ఇరుసుతోపాటు వాలిపోతుంది. మలుపులో బయటి టైరు మీద పడే పక్క ఒత్తిడి కారు వెనక భాగాన్ని పైకెత్తుతుంది. సరిగ్గా అప్పుడే యాక్సిలరేటర్ వదిలితే బరువు ముందుకు పోయి వెనక మరింత లేస్తుంది. చక్రం అడుగు లోపలికి ముడుచుకుని, టైరు అంచు మీద నిలబడుతుంది. ఇక కారు గిర్రున తిరుగుతుంది.

గట్టి స్ప్రింగులు వేస్తే సరి అనుకుంటారు చాలామంది. 1970 నాటి స్పిట్‌ఫైర్ మార్క్ 4లో ట్రయంఫ్ ఇంజనీర్లు అందుకు విరుద్ధంగా వెళ్లారు. కమానులో ఒక్క పట్టీని బిగించి, మిగతావాటిని మధ్యలో అటూ ఇటూ ఊగనిచ్చారు. కారు ఒరిగినప్పుడు ఆ కమాను అంతగా అడ్డుపడదు. గతుకు మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే మాత్రం ఎప్పటిలాగే బరువు కాస్తుంది. దాంతో మలుపులో బయటి వెనక టైరు మీద భారం తగ్గింది, వెనక లేవడమూ తగ్గింది. ఒరుగును ఆపే పని ముందువైపు లావుపాటి యాంటీ-రోల్ బార్‌కు అప్పగించారు. వెనకను మెత్తబరిచి కారును నిలబెట్టారు! 1968లో ఇదే చిక్కుకు మందుగా జీటీ6 మార్క్ 2 అనే మరో కారుకి కింద విష్‌బోన్లు, రబ్బరు కప్లింగులు పెట్టిన సంస్థ కూడా ఇదే. అదీ మంచి పనే, కానీ ఇంత సులువైంది కాదు.

పాత స్పిట్‌ఫైర్లకు ఈ కమాను వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముందు బార్ మార్చకుండా ఇదొక్కటే వేస్తే కారు విపరీతంగా ఒరుగుతుంది. చక్రాన్ని ముందువెనకలకు కదలకుండా పట్టే రేడియస్ ఆర్మ్ బ్రాకెట్ వెనక షిమ్‌లనే పల్చటి రేకులు ఉంటాయి, ఒక్కటి తీసినా చక్రం ముఖం పక్కకు తిరుగుతుంది. ఇక బుష్‌ల బోల్టులు. కారు జాకీ మీద ఉండగా వాటిని పూర్తిగా బిగిస్తే, దించాక రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేలకు ఆనాకే బిగించాలి. జాకీ దించిన వెంటనే చక్రాల కొలతలు తీయడమూ తొందరపాటే. అప్పటికి చక్రాలు ఇంకా లోపలికి ముడుచుకునే ఉంటాయి. కారును నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, అవి సర్దుకున్నాకే టేపు పట్టాలి.