కలాస్ పనితనం

ఒపెరా గాయని మరియా కలాస్‌ది తీయని గొంతు కాదు. అభిమానిగానే ఈ మాట అంటున్నాను. మధ్యస్థాయిలో కొంచెం మసకగా ఉంటుంది, మంద్రానికి దిగితే ముదురుగా ధ్వనిస్తుంది, తారస్థాయిలో కత్తిలా పదునెక్కుతుంది. తర్వాతి ఏళ్లలో పై స్వరాలు వణికేవి కూడా. అదే కాలంలో ఇటలీలో పాడిన రెనాటా తెబాల్ది గొంతు ఇంతకన్నా ఎంతో నునుపు. అయినా ఒపెరా అంటే తెలియనివాళ్లను కూడా కలాస్ రికార్డు పట్టి కూర్చోబెడుతుంది. ఆ పట్టు సాధనతో వచ్చింది.

ఆమె 1923లో న్యూయార్క్‌లో ఒక గ్రీకు కుటుంబంలో పుట్టింది. 1937లో తల్లి వెంట ఏథెన్స్ వెళ్లింది. అక్కడి కన్సర్వేటరీలో దొరికిన గురువు ఎల్విరా దె ఇదాల్గో. ఆవిడా కలాస్ లాగే సొప్రానో, అంటే ఆడవాళ్ల గొంతుల్లో పైస్థాయిది; స్పెయిన్ మనిషి, వడి వడిగా సాగే సన్నని సంగతులకు పేరుపడ్డ గాయని. శిష్యురాలిదేమో బరువైన గొంతు. ఆ బరువు గొంతుచేతే గురువు తేలికపాటి సంగతులు సాధన చేయించింది. కలాస్ పొద్దున్నే వచ్చి, తన పాఠం అయిపోయాక కూడా కదలకుండా సాయంత్రం దాకా అందరి పాఠాలూ వినేది. ఏమాత్రం ప్రతిభ లేదనుకున్న విద్యార్థి కూడా మనకు చేతకానిది ఒక్కటైనా చేసి చూపిస్తాడని తర్వాతి కాలంలో చెప్పింది. తర్వాత ఆమె పాఠాలు చెప్పిన తీరుకు బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

ఆ సాధన ఫలితం 1949 జనవరిలో వెనిస్‌లో బయటపడింది. అప్పుడామె వాగ్నర్ ఒపెరా ‘వాల్క్యూర్’లో బ్రూన్‌హిల్డే పాత్ర పాడుతోంది. మైకు లేకుండా పెద్ద ఆర్కెస్ట్రాను దాటి వినిపించాల్సిన పాత్ర అది. ఇంతలో బెల్లీని ‘పురితానీ’ పాడాల్సిన గాయనికి జబ్బు చేసింది. అందులోని ఎల్విరా పాత్ర నిండా నాజూకు సంగతులే. ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ తుల్లియో సెరాఫిన్ ఆ పాత్ర కలాస్‌కిచ్చాడు. కొద్ది రోజుల్లో నేర్చుకుని పాడింది. ఈ రెండూ ఒకే గొంతు పలికే పాత్రలని అప్పట్లో సాధారణంగా అనుకునేవారు కాదు.

ఆమెకు దూరపు చూపు బాగా తక్కువ. వేదిక మీద కళ్లద్దాలు పెట్టుకునే వీల్లేదు, కండక్టర్ చేతిలోని బెత్తం కనిపించదు. అందుకని తన భాగంతో పాటు ఆర్కెస్ట్రా నడకంతా కంఠతా పట్టేది. లోపాన్ని అలా బలంగా మార్చుకుంది.

పనితనం చూడాలంటే వెర్ది ‘త్రావియాతా’ దగ్గర ఆగాలి. 1958లో లిస్బన్‌లో పాడిన ప్రదర్శన రికార్డు దొరుకుతుంది. కథానాయిక వయొలెట్టాకు క్షయ. ఆమె ప్రియుడి తండ్రి వచ్చి, నా కొడుకును వదిలెయ్యమని అడుగుతాడు. ఆమె ఒప్పుకునే చోట కలాస్ ఏడుపు కలపదు. గొంతు బాగా తగ్గించి, ఊపిరి అక్కడే నిలిచిపోయిందా అన్నట్టు ఎత్తుకుంటుంది. చివరి అంకంలో బతుకుకు వీడ్కోలు చెప్పే పాట పై స్వరం మీద ముగుస్తుంది. దాన్ని దారమంత సన్నని గొంతుతో పాడమని వెర్ది రాశాడు. గొంతు కాస్త నింపి పాడితే గాయనికి భద్రం. కలాస్ ఆ భద్రత కోరలేదు. చావుకు దగ్గరైన మనిషి గొంతులో నిండుదనం ఎక్కడిది? ఆ స్వరం వణికిన ప్రదర్శనలూ ఉన్నాయి. ఆ వణుకును నేను తప్పుగా లెక్కపెట్టను.

ఇక రెసిటేటివ్. మన హరిదాసు పాటకూ పాటకూ మధ్య రాగం విడవకుండా కథ నడిపే వచనం లాంటిది. చాలామంది దాన్ని గబగబా దాటేసి పాటకోసం తొందరపడతారు. కలాస్ ఆ వాక్యాలను ముందు మామూలు మాటల్లా చెప్పుకుని, ఏ అక్షరం మీద బరువు పడుతుందో పట్టుకుని, అప్పుడు పాడేది. ఇది సెరాఫిన్ నేర్పిన పద్ధతి.

ఈ విద్యంతా ఆమె 1971 అక్టోబర్ నుంచి 1972 మార్చి వరకు న్యూయార్క్ జూలియార్డ్ సంగీత పాఠశాలలో విద్యార్థుల ముందు పరిచింది. ఒపెరా వేదిక విడిచి అప్పటికి ఆరేళ్లు దాటింది. ఎంపికైన విద్యార్థులు 25 మంది. చూసేందుకు జనం టికెట్లు కొని వచ్చారు. ఆమె మాత్రం విద్యార్థుల మీదే దృష్టి పెట్టింది. చిన్న స్వరానికి కూడా దాని కాలం దానికివ్వమంటుంది, అక్షరం స్పష్టంగా పలకమంటుంది, అక్కర్లేని చెయ్యి ఊపు మానమంటుంది. భావం గురించి ఉపన్యాసాలు తక్కువ. ‘రిగొలెట్టో’ ఒపెరాలో కూతుర్ని ఎత్తుకుపోయిన దర్బారీల మీద తండ్రి విరుచుకుపడే పాట ఉంది, మగవాళ్ల బారిటోన్ గొంతుకు రాసినది. ఒక విద్యార్థికి చూపించడానికి దాన్ని ఆమె తానే ఎత్తుకుంటుంది. అప్పటికి పాడైపోయిన గొంతు, పైగా తనది కాని పాత్ర. అయినా ఆ తండ్రి కోపం, వెంటనే ఆ కోపం బతిమాలడంగా మారడం ఒక్కొక్క మాటలోనూ తెలుస్తాయి. నా దృష్టిలో ఆమె గొప్ప రికార్డుల సరసన నిలబడే పాఠం అది.

కలాస్ 1977 సెప్టెంబర్ 16న పారిస్‌లో కన్నుమూసింది. జూలియార్డ్ పాఠాల రికార్డింగులు తర్వాత విడుదలయ్యాయి. సంగీతం నేర్పేవాళ్లు, ఏ సంప్రదాయం వాళ్లయినా సరే, వాటిని ఒకసారి వినండి. ఇటాలియన్ రాకపోయినా ఫరవాలేదు, ఏ అక్షరాన్ని ఎందుకు దిద్దుతోందో చెవికి తెలుస్తుంది.