పొరుగువాఁడు: ఒక పదవిచారము

క్రైస్తవనీతి యనఁగా చేయరాని పనుల పట్టిక యని తలఁచువారు మనలోఁ బెక్కండ్రు. మద్యమును, అసత్యమును, చౌర్యమును విడిచినవాఁడు సన్మార్గుఁడని వారి నిర్ణయము. ఇవి విడువఁదగినవే. కాని యింతమాత్రమే యైనచో మన నీతిశతకములు చెప్పనిది క్రైస్తవబోధయందుఁ గానరాదు. ఆ బోధకు విశిష్టత నొసఁగునది "పొరుగువాఁడు" అను పదముయొక్క యర్థవిస్తారమని చూపుట యీ వ్యాసోద్దేశము.

లూకా సువార్త 10వ యధ్యాయమందలి కథ చదువరులకు విదితమే. యెరూషలేమునుండి యెరికోకుఁ బోవు త్రోవలో దొంగలచే గాయపడి కొనయూపిరితో నున్నవానిని యాజకుఁడును లేవీయుఁడును జూచి తప్పుకొని పోయిరి. యూదులు చేరఁదీయని సమరయుఁడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును బోసి కట్టుగట్టి, సత్రమునకుఁ జేర్చి, రెండు దేనారములిచ్చి, పైవ్యయమును దానే తీర్తుననెను. తప్పుకొని పోయిన యిరువురును దొంగిలింపలేదు, కొట్టలేదు, అబద్ధమాడలేదు. పట్టిక ప్రకారము నిర్దోషులే. కథ వారినే దోషులను జేయుచున్నది. పొరుగువాఁ డెవఁడని యడిగిన శాస్త్రజ్ఞునకు, ఎవఁడు పొరుగువాఁ డయ్యెనను ప్రతిప్రశ్నయే లభించెను. అనఁగా పొరుగు దూరమును గొలుచు మాట కాదు, ఆచరణమును గొలుచు మాట.

1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారగు క్రాన్, డెస్‌గ్రాంజ్‌ల యనువాదమునకు ఆనందరాయరు తోడ్పడెను. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములయ్యెను. నేఁడు వాడుకలోనున్న తెలుఁగు బైబిలులో నిలిచినది "పొరుగువాఁడు" అను పదము. గ్రీకు మూలపదమునకు దగ్గఱివాఁడని యర్థము. మన పదమం దంతకుమించిన ధ్వని కలదు. పొరుగిల్లు, పొరుగూరు, పొరుగుదేశము అనునపుడు సామీప్యముతోపాటు పరత్వమును దోఁచును. పొరుగింటి పుల్లకూర రుచియను సామెతలోనిదియు నిదియే. సమరయుఁ డట్టివాఁడే: హద్దు ప్రక్కవాఁడు, తనవాఁడు కానివాఁడు.

అయినను మన పల్లెలలో ఇరుగుపొరుగు అనుమాట ఊరి కట్టుబాటు దాఁటలేదు. వెలివాడ యెంత చేరువనున్నను పొరుగనిపించుకొనలేదు. జ్ఞానస్నానముతోఁ గులము మాసిపోలేదనుటకు తెలుఁగు క్రైస్తవులలోని పెండ్లిసంబంధములే సాక్ష్యము. ఈ లోపమును గుర్తించిన కవి 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ. ఆయన "క్రీస్తుచరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమి బహుమానము లభించెను. కాని సమరయుని కథకు నిజమైన వ్యాఖ్యానము 1941 నాఁటి "గబ్బిలము"నందే యున్నదని నా యభిప్రాయము. గుడిలోఁ గాలిడలేని పేదవాఁడు ఈశ్వరునకు సందేశము పంపుటకు గబ్బిలమును వేఁడుకొనవలసి వచ్చెను. మనుష్యు లందఱును యాజకునివలె తప్పుకొని పోయినారని యర్థము. క్రీస్తు పేరెత్తని కావ్యమే క్రీస్తుకథను మనయూరికిఁ దెచ్చినది.

హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాక, గౌలీపురా, లాల్‌దర్వాజా వంటి పేటలలో భిన్నమతములవారు గోడకు గోడ యానించి కాపురముందురు. అచ్చట సామీప్యమును పరత్వమును నొక్క గుమ్మముననే కలియును. అట్టి చోట సద్వర్తనమునకుఁ బరీక్ష తన యింటి శుచిత్వము మాత్రమే కాదు. ప్రక్కగుమ్మమున నాపద గలిగినపుడు మన యడుగు ఆఁగినదా, సాఁగినదా యనునదియే. సమరయునకుఁ గథలోఁ బేరు లేదు. ఆ స్థానము నెవరైనను బూరింపవచ్చును.