తడి ఆరిన రీడు

నాలుక మీద పెట్టుకోగానే ముందు తెలిసేది దాని రుచి. ఎండుగడ్డి వాసనా, లేత వెదురు వగరూ కలిసిన రుచి. ఎక్కడో ఫ్రాన్స్ దక్షిణాన పెరిగిన రెల్లు గడని చీల్చి, చెక్కి, అంచుని ఉల్లిపొరలా పలచన చేసి డబ్బాలో పెట్టి పంపితే, అది కాశీబుగ్గలో ఒక మేడ మీద నా నోట్లో నానుతోంది. తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. కింద హైవే మీద లారీలు ఇచ్ఛాపురం వైపు పోతున్నాయి. పలాస స్టేషన్లో ఏదో హౌరా బండి ఆగి నిట్టూర్చింది. జీడి బట్టీల కమురు మంచులో చిక్కుకుని, దారి తెలియనట్టు మేడల మధ్యే తచ్చాడుతోంది. టెనార్ శాక్సాఫోన్ చంటిపిల్లలా నా పొట్టకి ఆనుకుని వేలాడుతోంది. రీడు తడవాలి. తడిస్తేనే పలుకుతుంది. పొడి రీడులోకి ఎంత ఊపిరి పోసినా గాలి వస్తుంది, గొంతు రాదు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు దాహంతో పోయాడు.

ఊరంతా ఆయన్ని మాష్టారనేది. బడిలో ఒక్కనాడూ పాఠం చెప్పింది లేదు. పెళ్ళి బ్యాండులో ముందు వరసన నడిచేవాడు. తండ్రిది సన్నాయి. ఈయన క్లారినెట్ పట్టి, క్లారినెట్ నుంచి టెనార్‌కి మారాడు. కలకత్తా వెళ్ళి పాత వాయిద్యాల కొట్లో రెండు పెళ్ళి సీజన్ల సంపాదన పోసి కొన్నాడట ఆ ఇత్తడి వంపుల రాణిని. దాని మెరుగు అప్పటికే పోయింది. మాష్టారి బొటనవేలు ఆనే చోట మాత్రం అరిగి అరిగి, సాయంత్రపు సముద్రంలా తళతళలాడేది.

వజ్రపుకొత్తూరు వైపు పల్లెల్లో పెళ్ళి ఊరేగింపులు నాకు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వినిపిస్తాయి. పెట్రోమాక్సు లైట్ల చుట్టూ ఉసిళ్ళు, ఇసుక దారికి అటూ ఇటూ కొబ్బరి చీకటి, పల్లకీ లాంటి కారులో నిద్ర ముంచుకొస్తున్న పెళ్ళికొడుకు. బ్యాండు ఏదో సినిమా పాట ఎత్తుకునేది. మొదటిసారి పల్లవి ఉన్నది ఉన్నట్టే. రెండోసారీ అంతే. మూడోసారి తిరిగేసరికి మాష్టారు పాట చెయ్యి వదిలేసేవాడు. జాతరలో తల్లి చెయ్యి వదిలిన పిల్లవాడిలా ఆ స్వరం మిఠాయి కొట్టు దగ్గర ఒక క్షణం, రంగులరాట్నం దగ్గర ఒక క్షణం ఆగి, ఎక్కడో మొగలి పొదల వెనక మాయమై, మేమంతా ఇక దొరకడు అనుకునే వేళకి డ్రమ్ము దెబ్బ మీద సరిగ్గా తల్లి కొంగు పట్టుకునేది. పెళ్ళివారిలో ఒక పెద్దాయన "పాట మర్సిపోనాడ్రా" అని కేకేసేవాడు. మాష్టారి కళ్ళు నవ్వేవి. పెదవులు నవ్వకూడదు కదా, వాటి మధ్య రీడుంది.

మా ప్రాంతానికి ఇది కొత్తేం కాదు. జముకుల కథ చెప్పేవాడు తెల్లవార్లూ సాగాలంటే సాగదీస్తాడు, వానొస్తే కుదిస్తాడు, ముందు వరసలో ముసలమ్మ కన్ను తుడుచుకుంటే అక్కడే ఆగి నాలుగు ముక్కలు అప్పటికప్పుడు కడతాడు. సన్నాయి విద్వాంసుడు ఆ పనిని మనోధర్మం అంటాడు. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో నల్లవాళ్ళ గుండెల్లోంచి పుట్టిన జాజ్ సంగీతం దానికి ఇంప్రొవైజేషన్ అని పేరు పెట్టుకుంది. మాష్టారు మాత్రం దాన్ని దారి తప్పడం అనేవాడు.

"దారి తెలిసినోడే తప్పాలిరా గుంటడా. తెలీనోడు తప్పితే మరి ఊరు సేరడు."

ఆయన దగ్గర మొదటి ఆర్నెల్లూ నేను ఒకే ఒక్క స్వరం ఊదాను. అక్కుపల్లి ఒడ్డున నిలబెట్టి, అల వచ్చి విరిగి వెనక్కి పోయేదాకా ఒక్క ఊపిరి. న్యూయార్క్‌లో సోనీ రోలిన్స్ అనే మహానుభావుడు 1959 నుంచి రెండేళ్ళు కచేరీలు మానేసి, ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకి పోయి సాధన చేశాడని తర్వాత చదివాను. మాకు వంతెన లేదు, సముద్రం ఉంది. అది ఎన్ని తప్పులైనా మింగుతుంది. ఆ తర్వాత మూడు నెలలు ఒకటే పాట, గమకం కూడా లేకుండా. అది అరిగాక ఒకరోజు, "ఇప్పుడు దాన్లోంచి తీసీ" అన్నాడు. కొత్త స్వరాలు వెయ్యమంటాడని ఎదురు చూస్తున్నవాణ్ణి తెల్లబోయాను. "ముందు తీసీడం నేర్సుకో. ఎయ్యడం దానంతటదే వత్తాది." ఒక్కో స్వరం తీసేస్తూ పోతే, పాటలో తీయడానికి వీల్లేని ఎముకలు తేలాయి. జాజ్ పుస్తకాల్లో స్కేళ్ళ పట్టికలు పేజీల కొద్దీ ఉంటాయి. నా మట్టుకు నాకు ఆ ఒక్క మధ్యాహ్నం చాలా పుస్తకాల పెట్టు.

జాజ్ ఆయన నేర్పలేదు, నేనే తెచ్చి ఆయనకి చూపించాను. మన సంగీతంలో షడ్జం కదలదు. ఎంత దూరం ఎగిరినా వాలడానికి ఆ కొమ్మ అక్కడే ఉంటుంది. జాజ్‌లో కొమ్మే ఎగిరిపోతుంది. బారుకో కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, ఒక్కోసారి రెండు దెబ్బలకో కార్డు, కాళ్ళ కింద నేల మారుతూనే ఉంటుంది. అక్కుపల్లిలో అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుక లాగేస్తుందే, అచ్చం అలా. పడిపోకుండా ఉండే కిటుకు ఒకటే. ఒక కార్డులో ఏడో స్వరం అరమెట్టు కిందకి జారితే, తర్వాతి కార్డుకి అది మూడో స్వరం అవుతుంది. అంత చిన్న జారుడు. అరమెట్టు దిగితే కొత్త ఇల్లు. ఈ సంగతి కాగితం మీద గీసి చెబితే మాష్టారు కాసేపు చూసి, "మా అయ్య సన్నాయిలో ఇది సేసీవోడు. పేరెట్టలేదంతే" అన్నాడు.

ఇక అక్టోబర్ 11 సంగతి. తేదీలకి మనసుండదు, నాకు తెలుసు. అయినా ఆ తేదీ మా ఇంటి గోడ మీద మూడు మేకులు కొట్టింది.

1939లో ఆ రోజున కోల్‌మన్ హాకిన్స్ ఐదేళ్ళు యూరప్‌లో గడిపి తిరిగొచ్చిన కొద్ది నెలలకి, న్యూయార్క్ స్టూడియోలో టెనార్ మీద 'బాడీ అండ్ సోల్' రికార్డు చేశాడు. మూడు నిమిషాల పాట. మొదటి కొన్ని బార్లలో అసలు వరస లీలగా కనబడుతుంది. ఉన్నవి రెండు ఆవర్తాలు, అంటే మొత్తం 64 బార్లు. మిగిలింది దాదాపు అంతా ఆయన దారి తప్పడమే. ఆ రికార్డు తర్వాత టెనార్ పట్టుకున్న ప్రతివాడూ దానికి బాకీపడ్డాడు.

2018లో ఆ రోజున తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 కిలోమీటర్లు దాటిన గాలి. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పాకిస్తాన్ ఇచ్చిన పేరు. ఏ పువ్వు మీద వాలిందమ్మా ఆ చిలుక! ఉద్యానం అన్న మాటే అరిగి మా ప్రాంతం పేరు ఉద్దానం అయిందంటారు, ఆ తోట మీద వాలింది. ఏమే కొబ్బరి చెట్టూ, నిన్ను నాటిన చేతులు ముసలివైపోయాక కదా నువ్వు చేతికందొచ్చావు? ఏమే జీడి మానూ, నీ నల్లని రసం మా అమ్మల వేళ్ళ గుర్తులే చెరిపేసింది కదా, ఆ వేళ్ళు నిన్ను నిలబెట్టలేకపోయాయా? మర్నాడు వెళ్ళి చూస్తే తోటలన్నీ ఒకే వైపు తల వాల్చి పడుకున్నాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది నిశ్శబ్దం. కొబ్బరాకు గలగల లేని ఉద్దానం నేనెప్పుడూ వినలేదు. నలభయ్యేళ్ళు ఆ గలగల మీదే మాష్టారు పాట వాయించాడు. అదే ఆయనకి తంబూరా.

టెనార్ని ఆయన ముందు రాత్రే బియ్యం డ్రమ్ములో దాచాడు, మెడ ఊడదీసి, నిలువునా బియ్యంలో పాతిపెట్టి. ఇంటి పైకప్పు పోయింది. శాక్స్ బతికింది. చెమ్మకి తోలు ప్యాడ్లు ఉబ్బి, తర్వాత నెల రోజులు కింది స్వరాలు మూగబోయాయి. కీల సందుల్లోంచి బియ్యపు గింజలు ఏడాది దాకా రాలుతూనే ఉన్నాయి.

మళ్ళీ 2019లో అదే తేదీన కద్రి గోపాల్‌నాథ్ పోయారు. నాదస్వరం ఇంట పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సాఫోన్ విని మనసు పారేసుకుని, మన గమకాలు పలకడానికి దాని కీలనే మార్చుకున్న మనిషి. ఆయనది ఆల్టో, మాది టెనార్. అయినా మాష్టారు ఆ రోజు చొక్కా వేసుకోకుండా గుమ్మంలో కూర్చున్నాడు, ఇంటి మనిషి పోయినట్టు. అప్పటికే ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది? ప్రతి వీధికీ తెలుసు. ఎందుకొస్తుందో తేల్చి చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. జబ్బు కన్నా దాని షరతు క్రూరమైంది: మంచినీళ్ళు కొలిచి తాగాలి. సముద్రం పక్కన పుట్టి, ఏడాదిలో సగం ఉక్కపోతలో ఉడికే మనిషికి రోజుకిన్ని గుక్కలని లెక్క. మాష్టారి భార్య స్టీలు గ్లాసు మీద గీత గీసింది. ఆ గీత దాటి పొయ్యమని ఆయన ఒక్కసారీ అడగలేదు. గ్లాసు వైపు చూసేవాడంతే.

ఒక డయాలసిస్ రోజున మంచం పక్కన కూర్చుని హాకిన్స్ రికార్డు ఆయన చెవిలో పెట్టాను. యంత్రం గుర్రుమంటూ తిరుగుతోంది. గొట్టాల్లో ఆయన నెత్తురు బయటికి పోయి లోపలికి వస్తోంది. ఇరవై సెకన్లు విని, "పాటేదిరా బాబూ?" అన్నాడు. "వెతకండి మాష్టారూ" అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి సూది లేని చేతి చూపుడువేలు మంచం ఇనప పట్టీ మీద కదిలింది. ఎనిమిది బార్ల చివర ఒక దెబ్బ. మళ్ళీ ఎనిమిదికి ఒకటి. పాట మధ్యలో రాగం పక్కకి మళ్ళే చోట వేలు ఆగి, గాలిలోకి లేచి, వరస ఇంటికి తిరిగి రాగానే సరిగ్గా అక్కడ దిగింది. భాష రాని పాట, జన్మలో వినని కార్డులు. "దొరికిందిరా" అన్నాడు. "లోపల దాసుకున్నాడు, గడుసోడు."

తర్వాత నా రీడు అడిగాడు. ఇచ్చాను. పెదవుల మధ్య పెట్టుకుని చాలాసేపు ఉంచుకున్నాడు. తీసి వేలితో తడిమి చూశాడు. ఎలా పెట్టుకున్నాడో అలాగే ఉంది, పొడిగా.

"నా నోట నీళ్ళు లేవురా. నువ్వే తడుపుకో."

2021లో పోయాడు. డప్పులు వచ్చాయి, బ్యాండు రాలేదు. బ్యాండులో ఒకాయన విశాఖలో అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్, ఒకాయన చెన్నైలో కట్టుబడి పని. నేనొక్కణ్ణే వాయించాను. దారి తప్పలేదు, తప్పే ధైర్యం చాల్లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ రోగులకని 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పల్లెలకి తాగునీళ్ళ పైపులు వేశారు. మాష్టారింటి ముందూ కుళాయి ఉంది ఇప్పుడు. దాని కింద స్టీలు గ్లాసు పెట్టి పట్టుకుంటూంటే, గీత ఇంకా కనబడుతుంది.

ఇన్నాళ్ళకి నాకు సోలో వస్తోంది. తెల్లవారుజామున, సముద్రం ఒడ్డున, వినేవాళ్ళు లేని చోట. ఈ మధ్య విశాఖ నుంచి ఒక మిత్రుడు వచ్చి విని, నీ వాక్యాలు పొట్టిగా ఉంటాయి, మధ్యలో ఖాళీలు ఎక్కువ, అది నీ స్టైలు అన్నాడు. నేను ఒప్పుకున్నట్టే తలూపాను. మాష్టారు చివరి రెండేళ్ళూ ఒళ్ళు నీరుపట్టి, నాలుగు స్వరాలకోసారి ఆయాసంతో ఆగేవాడు. నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నది ఆ రెండేళ్ళలోనే. ఆయన ఆగే చోటే నేనూ ఆగుతున్నాను. నా ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. వాయిస్తున్నది ఆయన ఊపిరి పొడవు.

ఇప్పుడు ఊరేగింపుల్లో డీజే బాక్సులు. వాటికి రీడు లేదు, దాహం వెయ్యదు, దారి తప్పవు. వద్దంటే వినేవాళ్ళెవరూ లేరు, నేనూ అనను. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊళ్ళోనైనా మీ ఇంట పెళ్ళికి ఎప్పుడైనా మేళాన్ని పిలిస్తే మాత్రం ఒక్క పని చెయ్యండి. తాంబూలం తర్వాత సంగతి. వాళ్ళు వీధి మలుపు తిరిగి రాగానే ముందు చెంబు నిండా మంచినీళ్ళు ఇవ్వండి.