నల్లని నాయిక ఎక్కడ?

ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ఆవరణకు ఎదుటనున్న బేర్ సరాయ్‌లో, పరీక్షల పుస్తకములమ్మే దుకాణములపైని ఇరుకు గదులలో, మన తెలుగు విద్యార్థులు కొందరుంటారు. ఒక సాయంకాలము వారితో కలిసి ‘కలర్ ఫోటో’ చిత్రము చూడడము తటస్థించినది. అది ముగియగానే ఒక అమ్మాయి, “మేష్టారూ, నల్లబ్బాయిని ప్రేమించే తెల్లమ్మాయి కథ బాగుంది. నల్లమ్మాయి కథ ఎవరు రాస్తారండీ?” అని అడిగినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ తీసినారు. కథ చలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. ఆలయప్రవేశము దేశమంతటా వివాదమైయున్న ఆ దినములలో, అస్పృశ్యులనబడినవారి కులము పేరును చిత్రమునకు పెట్టుటయే సాహసము. అయినను నాయికగా కనిపించినది అందగత్తెగా పేరొందిన కాంచనమాల. కులమును మరపించుటకు రూపము సాయపడినది. ఉపాయము మంచిదే, కాని దానికొక వెల ఉన్నది. సౌందర్యముచేత మన్నన పొందిన కులము, ఆ సౌందర్యము లేనిచోట మన్నన పొందదు కదా!

2020లో సందీప్ రాజ్ తీసిన ‘కలర్ ఫోటో’ ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమందినది. నాయకుని నలుపును, పేదరికమును ఒకే ముడిగా చూపుట దాని విశేషము. కాని తిరగవేసి చూడండి: పురుషుని గుణము రూపమును జయించవచ్చును; స్త్రీకి మాత్రము రూపమే గుణమనే పాత సూత్రము చెక్కుచెదరలేదు. భారతములోని ద్రౌపది నల్లనిది. కృష్ణ అని ఆమెకు పేరు. మన తెర ఆమెను తెల్లబరచినది.

ప్రజలు కోరినదే చిత్రపరిశ్రమ ఇస్తుందని కొందరంటారు. 1938లో ‘మాలపిల్ల’ను కోరినదెవరు? ఎవరో తెగించి చూపినారు గనుక జనము చూచినారు, ఆదరించినారు.

అనువాదకుడిగా ఒక మాట. మన ‘చామనచాయ’కు హిందీలో ‘సాఁవలీ’ ఉన్నది. పాటలలో అది ఎంతో ప్రియమైన మాట. పెళ్ళి ప్రకటనలలోనో, రెండు భాషలూ తెలుపునే అడుగుతున్నవి.

ఆ అమ్మాయి ప్రశ్న దర్శకులకన్న ముందు రచయితలకు చెందినది. ‘మాలపిల్ల’ సయితము ముందు ఒక రచయిత కాగితముమీద పుట్టినదే. మన కథలలో నాయికను ప్రవేశపెట్టిన మొదటి వాక్యమును మనమందరము ఒకసారి తీసి చదువుకొందము. అక్కడ ఆమె ఒంటిరంగు ఏమని వ్రాసినాము? ఎందుకు వ్రాసినాము?