ఒకే మైకు చుట్టూ కుర్ర గొంతులు

న్యూయార్క్ నగరంలోని గ్రీనిచ్ విలేజ్‌లో, మెక్‌డూగల్ వీధి 116వ నంబరు భవనం కింద ఒక సెల్లార్ ఉండేది. 1958లో జాన్ మిచెల్ దాన్ని గ్యాస్‌లైట్ కెఫేగా మార్చాడు. కప్పు మరీ తలకు తగిలేలా ఉండటంతో నేల తవ్వి లోతు చేయాల్సి వచ్చింది. వంద మంది పడితే గొప్ప. పాట ఎంత నచ్చినా చప్పట్లు కొట్టడానికి లేదు. ఆ మోత గాలి కోసం వదిలిన సందులోంచి పై అంతస్తులకు పాకి నిద్ర చెడగొడుతోందని అక్కడ అద్దెకున్నవాళ్లు గొడవ పెట్టేవారు. అందుకే శ్రోతలు చిటికెలు వేసి మెచ్చుకునేవారని ఆ కెఫే ఎరిగినవాళ్లు చెబుతారు.

1950ల చివర, 1960ల మొదట్లో జానపద గీతాలను మళ్లీ తలకెత్తుకున్న అమెరికా కుర్రకారు చాలావరకు ఇలాంటి గదుల్లోనే పాట నేర్చింది. మద్యం అమ్మరు కాబట్టి హైస్కూలు పిల్లలు కూడా రావచ్చు. ఒక్క కప్పు కాఫీ కొనుక్కుని గంటల తరబడి కూర్చోవచ్చు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో క్లబ్ 47ను 1958లో జాయిస్ కలీనా, పౌలా కెల్లీ అనే ఇద్దరు యువతులు జాజ్ సంగీతం కోసం తెరిచారు. గాయని జోన్ బాయెజ్ తొలి రోజుల్లో పాడింది అక్కడే. ఆ తర్వాత జానపద గాయకులకు అది పుట్టిల్లయింది. సారటోగా స్ప్రింగ్స్‌లో లీనా స్పెన్సర్ 1960లో భర్తతో కలిసి కెఫే లీనాను మొదలుపెట్టింది.

ఆ గదులు గాయక బృందాలకు రెండు రకాల వినికిడిని అలవాటు చేశాయి. ఒకటి, పాడుతూనే పక్కవాళ్ల గొంతు వినడం. రెండోది, ఆ పాటను తమదాకా మోసుకొచ్చిన ముసలివాళ్ల గొంతు వినడం. మొదటిది చాలామందికి పట్టుబడింది. రెండోది కొందరికే.

ముందు మొదటిదాని సంగతి. కాఫీహౌస్‌లో పాడటం తేలికనుకుంటే పొరపాటే. ఎస్‌ప్రెస్సో మిషన్ ఆవిరి బుస్సుమంటుంది. సాసర్ల మీద చెంచాలు టింగుమంటాయి. శ్రోత మోకాలికి గిటారు తగిలేంత దగ్గర. చలికాలం వీధిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే గిటారు తీగల శ్రుతి మారిపోతుంది. ఒకరు తీగ బిగిస్తూ శ్రుతి సరిచేసుకుంటుంటే మరొకరు జనంతో మాట కలపాలి. పాట కథ, నేర్చుకున్న ఊరు, దారిలో జరిగిన ముచ్చట, అన్నీ అక్కడే దొర్లుతాయి. చాలాచోట్ల జీతమూ లేదు. చిన్న చిన్న సెట్లు పాడాక బుట్ట తిప్పితే అందులో ఎంత పడితే అంతే రాబడి. జనం పాట మధ్యలో లేచి పోతున్నారంటే, ఎక్కడ సాగదీశారో ఆ రాత్రే తెలిసిపోయేది.

చట్టం కూడా తోడైంది. న్యూయార్క్‌లో 1926 నాటి కేబరే చట్టం కింద ప్రత్యేక లైసెన్సు లేని చోట్ల డ్రమ్ములకు, బూరలకు వీల్లేదు. తీగ వాద్యాలు, పియానో లాంటివి మాత్రం ముగ్గురికి మించకుండా వాయించుకోవచ్చన్న మినహాయింపు ఉండేది. ఆ ముగ్గురి పరిమితి 1988లో పోయింది, చట్టమే 2017లో రద్దయింది. మూడు గొంతులు, రెండు గిటార్లతో సరిపెట్టుకునే బృందానికి ఇలాంటి గది చక్కగా అమరింది.

పీటర్, పాల్ అండ్ మేరీ అలా అమరినవాళ్లే. పీటర్ యారో, నోయెల్ పాల్ స్టూకీ, మేరీ ట్రావర్స్ నెలల తరబడి సాధన చేసి, 1961లో బిట్టర్ ఎండ్ కాఫీహౌస్‌లో జనం ముందుకొచ్చారు. స్టూకీ అంతకుముందు గ్యాస్‌లైట్‌లో హాస్యం చెబుతూ కార్యక్రమాలు నడిపినవాడు. గది నాడి అతనికి తెలుసు. మన బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉన్నట్టే వీళ్లలోనూ ఒకరు ఎత్తుకుంటే ఇద్దరు అందుకునేవారు. తేడా ఏమిటంటే, ఎత్తుకునే గొంతు చరణం చరణానికీ మారుతుంది. పైస్థాయిలో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి కిందికి దిగి మిగతావాళ్లకు చోటిస్తారు. 1962లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బం అమెరికా జాబితాలో మొదటి స్థానానికి చేరింది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన పౌరహక్కుల ప్రదర్శనలో, లక్షల జనం ముందు కూడా వాళ్లు ఆ మూడు గొంతులతో, రెండు గిటార్లతోనే నిలబడ్డారు.

కేంబ్రిడ్జ్‌లో 1963లో కట్టిన జిమ్ క్వెస్కిన్ జగ్ బ్యాండ్‌ది ఇంకో దారి. అందులో ఫ్రిట్జ్ రిచ్‌మండ్ వాయించింది బట్టలుతికే రేకు తొట్టి. తొట్టి బోర్లించి, నడుమ ఒక తాడు బిగించి, దాని రెండో కొస కర్రకు కడతారు. కర్ర వెనక్కి లాగితే తాడు బిగిసి స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. మెట్లూ గుర్తులూ ఏమీ ఉండవు. చెవే ఆధారం.

ఇక రెండో వినికిడి. 1958లో కింగ్‌స్టన్ ట్రయో పాడిన ‘టామ్ డూలీ’ అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. కాలేజీ కుర్రాళ్లు గిటార్లు, బాంజోలు కొనుక్కుని గుంపులు కట్టడానికి ఆ ఒక్క పాట ఎంతో ఊపిచ్చింది. 1868లో ఉరికంబం ఎక్కిన ఒక మనిషి కథ అది. ఆ పాటను నార్త్ కరోలినా కొండల్లో పొగాకు పండిస్తూ, చేత్తో బాంజోలు తయారుచేసే ఫ్రాంక్ ప్రాఫిట్ దగ్గర 1938లో ఫ్రాంక్ వార్నర్ సేకరించాడు. రికార్డు లక్షల్లో అమ్ముడైనప్పుడు ప్రాఫిట్‌కు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. 1962లో రాజీ కుదిరాకే రాయల్టీలో వాటా దక్కింది. పాట బాగా పాడారన్నది నిజం. పాట ఇచ్చినవాణ్ణి మరిచారన్నదీ అంతే నిజం, అది బాధ పెట్టే నిజం.

న్యూ లాస్ట్ సిటీ రాంబ్లర్స్ బృందం ఈ లోటు తీర్చడానికి నడుం కట్టింది. మైక్ సీగర్, జాన్ కోహెన్, టామ్ పేలీ 1958లో కలిశారు. 1920లు, 30ల నాటి పాత రికార్డులు పదేపదే విని, ఆ బాణీని, ఆ ఉచ్చారణను, ఫిడేలు మీద కమాను నడకను వంటపట్టించుకున్నారు. పాట ఎవరిదో, ఎక్కడిదో రికార్డు అట్టల మీదే రాసేవారు. అంతటితో ఆగలేదు. పాతవాళ్లను నగరానికి రప్పించడానికి రాల్ఫ్ రింజ్లర్‌తోనూ మెక్‌డూగల్ వీధిలో ఫోక్‌లోర్ సెంటర్ నడిపే ఇజ్జీ యంగ్‌తోనూ చేయి కలిపారు. గ్రీన్‌బ్రయర్ బాయ్స్ బృందంలో మాండలిన్ వాయించే రింజ్లర్ 1960లో పాతతరం గాయకుడు క్లారెన్స్ ఆష్లీని వెతుక్కుంటూ వెళ్లి, ఆయన పక్కన గిటారు వాయిస్తున్న డాక్ వాట్సన్‌ను చూశాడు. చూపులేని వాట్సన్ అప్పటికి డాన్సు బ్యాండులో ఎలక్ట్రిక్ గిటారుతో బతుకు వెళ్లదీస్తున్నాడు. 1961లో ఆయన న్యూయార్క్ వచ్చాక, కుర్ర గిటారిస్టులు ఆయన వేళ్ల వేగం చూసి సాధన మళ్లీ మొదలుపెట్టారు.

1928లో రికార్డు చేసి మరుగునపడ్డ బ్లూస్ గాయకుడు మిసిసిపీ జాన్ హర్ట్‌నూ ఇలాగే 1963లో వెతికి పట్టుకున్నారు. ఊరి పేరు ఆయన పాటలోనే దొరికింది. 1966లో కన్నుమూసేదాకా ఆయన కాఫీహౌస్‌లలో పాడుతూనే ఉన్నాడు.

క్లబ్ 47 1968లో మూతపడినా, ఆ చోటే పాసిమ్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. కెఫే లీనా కూడా తెరిచే ఉంది. మసాచుసెట్స్‌కు చెందిన డార్లింగ్‌సైడ్ బృందంలో 2013లో డ్రమ్మర్ వెళ్లిపోయాక మిగిలిన నలుగురూ ఒకే మైకు చుట్టూ చేరి పాడటం మొదలుపెట్టారు. అలాంటి చోట గొంతు తగ్గించాలంటే అరడుగు వెనక్కి, సోలో వస్తే అరడుగు ముందుకు. మీట తిప్పి సర్దేవాడు ఎవరూ లేరు, నలుగురి పాదాలే సర్దాలి.

బోస్టన్ చుట్టుపక్కల కాపురముంటున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పాసిమ్ వాళ్లకు దగ్గరే. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి, పక్కవరసలో కూర్చుంటే గాయకుల పాదాలు కనబడతాయి. పాట అయ్యాక వాళ్లు బయటికొచ్చి మాట్లాడుతుంటే, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగండి. రాంబ్లర్స్ రికార్డు అట్టల మీద రాసిన జవాబు కూడా ఆ ప్రశ్నకే.