రేపటి కొలువుల లెక్క

ఏ రంగంలో ఎన్ని కొలువులు రాబోతున్నాయో, వాటికి ఏ నైపుణ్యాలు కావాలో ముందుగా అంచనా వేసే పనిని ఐర్లండ్ ప్రభుత్వం చాలాకాలంగా శ్రద్ధగా నిర్వహిస్తున్నది. 1997లో ఏర్పడిన భావి నైపుణ్య అవసరాల నిపుణుల బృందం రంగాలవారీగా అధ్యయనాలు చేస్తుండగా, 2013లో నెలకొన్న సోలస్ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ పరిశోధన విభాగం వృత్తులవారీగా కొరతలను పరిశీలించి నివేదికలు వెలువరిస్తున్నది.

ఇటువంటి అంచనాలో మొదట ఒక్కో రంగం ఎంత పెరుగుతుందో ఊహించి, అందులో ఏ వృత్తివారి వాటా ఎంతో చూసి, కొత్తగా ఎందరు కావాలో లెక్కగడతారు. దీనిని విస్తరణ గిరాకీ అంటారు. పదవీ విరమణ వల్ల, వృత్తి మార్పు వల్ల ఖాళీ అయ్యే స్థానాలను నింపవలసిన అవసరం భర్తీ గిరాకీ. రెండవది ఎదుగుదల ఆగిన రంగంలోనూ ఉంటుంది కనుక, కుంచించుకుపోతున్న వృత్తిలో సైతం కొత్తవారికి చోటు దొరుకుతుంది.

అయితే లెక్క ఎంత చక్కగా ఉన్నా, దానిని అందుకునే శిక్షణ వ్యవస్థ లేకపోతే ప్రయోజనం ఉండదని నిర్మాణరంగం చాటింది. ఐర్లండ్‌లో ఎలక్ట్రీషియన్ కావడానికి సుమారు నాలుగేళ్ల అప్రెంటిస్‌షిప్ అవసరం. అందులో చేరాలంటే ముందుగా ఒక యజమాని పనిలో పెట్టుకోవాలి. 2008 మాంద్యంలో నిర్మాణ సంస్థలు మూతపడి, ఆ రంగంలోని ఉపాధి కొద్ది సంవత్సరాలలోనే సగానికి పైగా పడిపోగా, కొత్తవారిని చేర్చుకునే యజమానులే కరువయ్యారు. ఆనాడు శిక్షణలో చేరనివారి లోటు, తర్వాత ఇళ్ల కొరత ముదిరి పనివారికి గిరాకీ పెరిగినప్పుడు బయటపడింది.

నైపుణ్య కొరతకూ శ్రామికుల కొరతకూ భేదాన్ని గుర్తించడం కూడా అంతే ముఖ్యం. తగిన విద్య ఉన్నవారే లేకపోవడం మొదటిది; జీతం చాలకనో, పనివేళలు కష్టమయ్యో మనుషులు నిలవకపోవడం రెండవది. మొదటిదానికి శిక్షణ మందు కాగా, రెండవదానికి పని పరిస్థితులను బాగుచేయడమే మార్గం.

కొరత ఉన్న వృత్తులలో విదేశీయులకు ఐర్లండ్ ఇచ్చే పని అనుమతి, అంటే 2014లో వచ్చిన క్రిటికల్ స్కిల్స్ పర్మిట్‌కు సంబంధించిన వృత్తుల పట్టికను చూసి డబ్లిన్‌లో కోర్సు ఎంచుకునే తెలుగు విద్యార్థికి ఈ విచక్షణ అవసరం. సమయానుసారం సవరించే ఆ పట్టిక నేటి కొరతను తెలుపుతుందే తప్ప రేపటి కొలువుకు హామీ ఇవ్వదు. అంచనా వేసేవారు తమ ఊహలను బాహాటంగా చెప్పి, ఏటేటా సరిచూసుకోవాలి. ప్రభుత్వం చెడ్డ సంవత్సరాలలోనూ శిక్షణను కాపాడాలి. యువత తన వయసును పెట్టుబడిగా పెట్టే విషయంలో అంతకంటే తక్కువ బాధ్యత న్యాయం కాదు.