అడంగల్ గడుల్లో పనితనం

నరసరావుపేట నుంచి గురజాల, మాచర్ల దాకా ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉందో చెప్పే లెక్క అడంగల్. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, నీటి ఆధారం, పైరు. పొలం మీద అజమాయిషీకి వెళ్లిన మనిషి అడగాల్సిన ప్రశ్నలన్నీ ఈ గడుల్లో ఉన్నాయి. పట్టాదారుకూ అనుభవదారుకూ వేరువేరు గడులు పెట్టిన చెయ్యి ఎవరిదో గానీ, దండం పెట్టాలనిపిస్తుంది. భూమి ఎవరిదన్నది ఒకటి, దున్నేది ఎవరన్నది మరొకటి అని ఆ లెక్కకు ముందే తెలుసు. దాని ఏడాది కూడా సేద్యానిదే: జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే ఫసలీ. 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ.

ఈ లెక్క రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. లెక్క మిగిలింది, దాన్ని రాసే మనుషులు మారుతూ వచ్చారు. 2015లో మీభూమి వెబ్‌సైట్ వచ్చాక అడంగల్, వన్‌బి (భూమి హక్కుల లెక్క) ఇంటి నుంచే చూసుకునే వీలు కలిగింది. అది పెద్ద మేలే. అయితే గట్టు ఎక్కి చూసేవాళ్లు లేకపోతే తెర మీద కనిపించేది నిరుటి పైరే.

ఈ-పంట నమోదును నేను మెచ్చుకునేది ఇక్కడే. 2019లో గ్రామ సచివాలయాలు, 2020లో రైతు భరోసా కేంద్రాలు (ఇప్పటి రైతు సేవా కేంద్రాలు) ఏర్పడ్డాక ఊరికి వ్యవసాయ సహాయకులు దొరికారు. వాళ్లు పొలానికి వెళ్లి పైరు ఫోటో తీయాలి, రైతు వేలిముద్రతో ఈకేవైసీ చేయాలి, రెవెన్యూ వైపు నుంచీ ధ్రువీకరణ జరగాలి. పత్తిని భారత పత్తి సంస్థకు (సీసీఐ) అమ్మాలన్నా, పంట పోయినప్పుడు పెట్టుబడి రాయితీ అందాలన్నా ఆ నమోదే ఆధారం. ఎవరి పనికి ఏ వివరం కావాలో తెలిసి కట్టిన పద్ధతి ఇది. జాబితాను ఊళ్లో అతికించి అభ్యంతరాలు అడగడం అందులో అన్నింటికన్నా మంచి పని. పత్తిలో కంది వేసిన రైతుకు రెండు పైర్లూ ఎక్కాయో లేదో ఇరుగుపొరుగు ముందే తేలుతుంది.

అతుకు సరిగా పడనిది కౌలు దగ్గర. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు. దానితో భూమి మీద యాజమాన్యం రాదని చట్టమే చెబుతున్నా, సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు వెనకాడతారు. పల్నాటి మిరప చేలల్లో ఎకరానికి లక్షలు పెట్టి, తెగులుకూ ధరకూ ఎదురొడ్డేది ఎక్కువగా కౌలు రైతే. అతని పేరు లేని లెక్కలో పైరు సరిగా ఉన్నా, నష్టపోయిన మనిషి లేడు. అనుభవదారు గడి పాత అడంగల్‌లోనే ఉంది. దాన్ని యజమాని సంతకంతో ముడిపెట్టకుండా, పొలంలో కనిపించిన సాగుదారు పేరుతో నింపే అధికారం వ్యవసాయ సహాయకులకు ఇవ్వాలి.